మూత తీస్తే ఆగాలి

నోట్లో సబ్బు చేదు ఇంకా పోలేదు. పొద్దున్న మా కోడలి వాషింగ్ మెషీన్ వెనక రేకు విప్పి, లోపలున్న సన్నటి రబ్బరు గొట్టం ఊడదీసి నోటితో గట్టిగా ఊదాను. ఏళ్ల తరబడి పేరుకున్న సబ్బు మడ్డి కొంత లోపలికి పోయింది, కొంత వెనక్కి తన్ని నా నోట్లోకి వచ్చింది. నాలుగుసార్లు పుక్కిలించాను. అయినా నాలుక మీద ఆ జిడ్డు అలాగే ఉంది. నిన్న కంపెనీ తరఫున ఒక మెకానిక్ వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, భుజాన ఖరీదైన సంచి. సంచి విప్పలేదు. మీట రెండుసార్లు నొక్కి, తెర మీద వచ్చిన అంకె చూసి, బెంగాలీలో "బోర్డు పోయింది దాదూ, మార్చాల్సిందే" అన్నాడు. స్క్రూడ్రైవర్ బయటికి తీయకుండానే రోగం చెప్పేశాడు! నాకు డెబ్బై ఏళ్లు. నా కోపానికి కూడా దాదాపు అంతే వయసు. బోర్డు పోలేదు. తొట్టిలోకి నీళ్లు ఎంతమేర వచ్చాయో బోర్డుకి చెప్పే గొట్టం మూసుకుపోయింది, అంతే. చెప్పేవాడి నోరు మూసుకుపోతే వినేవాణ్ణి చెవిటివాడనడం ఏం న్యాయం? గొట్టం తిరిగి తగిలించి మీట నొక్కితే మెషీన్ హాయిగా నీళ్లు పట్టుకుని బట్టలు ఉతికింది. కోడలు నవ్వి లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ చేదుతో కిటికీ దగ్గర కూర్చుండిపోయాను. అలాంటి గొట్టాలు రోజుకి నాలుగైదు ఊదేది జీవరత్నం అత్త. ఊదిన ప్రతిసారీ ఒక లవంగం బుగ్గన పెట్టుకునేది.

అత్త అన్నానే గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. కలకత్తా ఓడరేవు పక్కన ఈ వాట్‌గంజ్‌లో తెలుగువాళ్లం ఒకరికొకరం అత్తలమూ మామలమూ అయిపోతాం, అంతే. ఆవిడ వాళ్లది భీమిలి, ప్రొటెస్టెంట్ క్రైస్తవుల కుటుంబం. తండ్రి ఓడరేవు పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మాది శ్రీకాకుళం వైపు. మా నాన్న కార్పొరేషన్‌లో మురుగు కాలవలు శుభ్రం చేసేవాడు. నేను మూడో తరగతితో బడి మానేశాను. తెలుగు చదవడం చర్చి గోడల మీది క్యాలెండర్లు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు యంత్రాల వెనక అంటించే బొమ్మల కాగితాలు చూసి నేర్చుకున్నాను. పదిహేనేళ్లు జూట్ మిల్లులో చేశాను. ఒకరోజు పొద్దున్న వెళ్లేసరికి గేటుకి తాళం వేసి ఉంది. యాజమాన్యం యూనియన్‌ని తిట్టింది, యూనియన్ యాజమాన్యాన్ని తిట్టింది, ఉపన్యాసాలకి లోటు లేకపోయింది. తాళం మాత్రం ఎవరూ తియ్యలేదు. అప్పటికి నాకు ముప్ఫై అయిదు నిండలేదు, ఇద్దరు పిల్లలు. తొంభైల మొదట్లో, ఆ స్థితిలో వెళ్లి ఆవిడ కొట్టు ముందు నిలబడ్డాను.

ఆవిడ అంతకుముందు ఒక మిషన్ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగానికి పెద్దగా పనిచేసింది. అక్కడ విదేశాల నుంచి వచ్చిన పెద్ద మెషీన్ ఒకటి ఉండేదట. అది ఆగిపోయినప్పుడల్లా దాన్ని బాగుచేసే మనిషి కోసం వారం రోజులు ఎదురుచూడాలి. ఆ పెద్దమనిషి వచ్చినప్పుడు ఈవిడ దగ్గరికెళ్లి చూడబోతే, "ఆడవాళ్ల పని కాదు సిస్టర్, షాక్ కొడుతుంది" అని పంపేసేవాడట. ఒకసారి ఆసుపత్రిలో ఉతికిన దుప్పటి ఒక్కటీ మిగలని రోజున, ఈవిడ తలలోని పిన్ను తీసి ఆ మెషీన్ టైమర్ మూత విప్పింది. లోపల ఇరుక్కున్న చిన్న గుడ్డపీలిక కనిపించింది. తీసేసింది. ఆ తర్వాత ఆ పెద్దమనిషిని పిలవాల్సిన అవసరం రాలేదు. ఉద్యోగం మానేశాక వాట్‌గంజ్ సందులో కొట్టు పెట్టింది. ఓడల్లోంచి దింపిన పాత మెషీన్లు, ఖిదిర్‌పూర్ వేలంలో కొన్నవి, ఊరికి తూర్పున సాల్ట్ లేక్ కాలనీలో కొత్త కాపురాల్లోవి, అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. సన్నగా, పొడుగ్గా ఉండేది. తెల్ల నూలు చీర, కొంగు నడుముకి బిగించి, మెడలో నల్ల దారానికి వేలాడే టెస్టర్.

"ఏటి తెలుసు నీకు?" అంది నన్ను చూసి.

"మిల్లులో మగ్గాల మెకానిక్కు కింద సేసినాను అత్తా. ఏదైనా ఇప్పీసి బిగించీగలను."

"విప్పడం కోతికీ తెలుసు. ఆగిపోయిన యంత్రం ఎందుకు ఆగిందో చెప్పగలవా?"

"తెల్దు."

"తెల్దన్నావు గదా, రేపట్నించి రా. తెలుసన్నవాళ్లని ఇప్పటికి ముగ్గుర్ని పంపీసినాను."

మర్నాడు నా చేతిలో ఒక పాత టైమర్ పెట్టింది. మెషీన్ ముందు తిప్పే గుండీ ఉంటుందే, దాని వెనక ఉండే డబ్బా. అరచేతిలో పట్టేంత. లోపల ఒకే ఇరుసుకి గుచ్చిన ప్లాస్టిక్ చక్రాలు, ఒక్కో చక్రం అంచు ఒక్కో రకంగా ఎగుడుదిగుళ్లు. ప్రతి చక్రానికీ ఆనుకుని రెండు రాగి రేకులు. గోడ గడియారంలో ఉండేలాంటి చిన్న మోటారు ఆ ఇరుసుని నెమ్మదిగా తిప్పుతుంది. చక్రం మీది మిట్ట వచ్చినచోట రాగి రేకులు కలుసుకుని కరెంటు పారుతుంది, పల్లం వచ్చినచోట విడిపోతాయి. ఒక చక్రం నీళ్లకి, ఒకటి ఉతకడానికి, ఒకటి మురికినీళ్లు తోడెయ్యడానికి, ఒకటి బట్టలు గిరగిరా తిప్పి పిండడానికి. అంతే. పదిహేనేళ్లు మిల్లులో పెద్ద పెద్ద యంత్రాల మధ్య తిరిగిన నేను ఆ చిన్న డబ్బా చూసి నోరు తెరిచాను. మిల్లులో నాకు ఎవరూ ఏదీ విడమరిచి చెప్పలేదు. బిగించమన్నచోట బిగించాను, నూనె పొయ్యమన్నచోట పోశాను. ఒక యంత్రం లోపల ఏం జరుగుతోందో కూర్చోబెట్టి చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

"ఇదుగో, ఇది బాగా చూడు. నీళ్లు నిండేదాకా ఈ చిన్న మోటారుకి కరెంటు రాదు. అంటే గడియారమే ఆగిపోతాది. గంటైనా రెండు గంటలైనా అలా కూచుంటాది. నీళ్లు చాలినన్ని వచ్చినాయని గొట్టం చెప్తేనే మళ్లీ కదులుతాది."

"మరి కరెంటు పోతే అత్తా?"

"చక్రం ఎక్కడుందో అక్కడే ఉంటాది. తిరిగొచ్చాక అక్కణ్ణించే మొదలెడతాది. ఇది దేన్నీ మరచిపోదు. అది దీని గొప్పా, అదే దీంతో భయమూనూ."

ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోవడం విశేషం కాదు, పోకపోతే విశేషం. అందుకేనేమో అత్తకి ఒక పద్ధతి ఉండేది. ఆవిడ చిన్నప్పుడు చర్చి ఆదివారం బడిలో బైబిలు వాక్యాలు కంఠతా పట్టించేవారట, అలాగే నాచేత మెషీన్లు కంఠతా చెప్పించేది. ఏ ఇంట్లో ఏ మెషీన్ బాగుచేసి వచ్చినా, ఎక్కడ ఏం మార్చావని అడగదు. స్టూలు మీద కూర్చోబెట్టి, "నువ్వే ఆ మెషీనువి. మొదట్నించీ చెప్పు" అంటుంది. నేను చెప్పాలి. నీళ్లు పడుతున్నాయి, నిండాయి, మోటారు కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది, తోడేశాను... మధ్యలో ఎక్కడో "కరెంటు పోయింది" అంటుంది. లేదా "కుళాయి కట్టేశారు" అంటుంది. లేదా "మోటారుకి ఓ మేజోడు అడ్డుపడింది" అంటుంది. అప్పుడు నేనేం చేస్తానో చెప్పాలి. తడబడితే మళ్లీ మొదటికి. ముప్ఫై అయిదేళ్ల మగవాణ్ణి, మిల్లులో సమ్మె చేసినవాణ్ణి, స్టూలు మీద కూర్చుని "నాను ఇప్పుడు మురికినీళ్లు తోడుతున్నాను" అని అప్పజెప్పడం! సందులో పోయేవాళ్లు ఆగి వినేవారు. ఎదురుగా ఉన్న పాన్ కొట్టు వాడు "దాదా, ఇవాళ స్నానమైందా?" అని ఏడిపించేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. కానీ ఆరు నెలలు తిరిగేసరికి, మూసి ఉన్న మెషీన్ పక్కన నిలబడి చప్పుడు వింటే చాలు, లోపల ఏ చక్రం ఏ మిట్ట మీదుందో తెలిసిపోయేది.

అంత తెలిశాక పొగరు రాకుండా ఉంటుందా? వచ్చింది.

సాల్ట్ లేక్‌లో ప్రభుత్వ క్వార్టర్లు. రెండో అంతస్తులో ఒక కుటుంబం: భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, భర్తగారి తల్లి. పెద్దావిడకి డెబ్బై దాటాయి, రెండు కళ్లలోనూ శుక్లాలు. పైనుంచి మూత తీసే రకం మెషీన్ అది. మూత కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. బట్టలు పిండే డ్రమ్ము గిరగిరా తిరుగుతున్నప్పుడు ఎవరైనా మూత తీస్తే ఆ స్విచ్ కరెంటు తెంచేసి డ్రమ్ముని ఆపుతుంది. వాళ్లింట్లో ఆ స్విచ్ విరిగింది. మూత వేసి ఉన్నా తీసి ఉన్నట్టే అనుకుని మెషీన్ పిండడం మానేసింది. కొత్త స్విచ్ తెప్పించాలంటే వారం పడుతుందన్నాను. ఆ ఇంటి కోడలు పాపం బతిమాలింది. "దాదా, ఈ సాయంత్రం మేం మా పుట్టింటికి వెళ్తున్నాం. అత్తగారు ఒక్కరే ఉంటారు. మెషీన్ నడవకపోతే ఈ గుట్టంతా చేత్తో ఉతికేస్తారు, చెప్తే వినరు" అంది. నాకు మిల్లు గుర్తొచ్చింది. మిల్లులో చేతులకి అడ్డంగా ఉండే రక్షణ జాలీలన్నీ జూట్ తాడుతో వెనక్కి కట్టేసి ఉండేవి. అవి అడ్డుంటే పని జరగదు. యజమానీ చూసేవాడు, మేస్త్రీ చూసేవాడు, మేమూ అలవాటుపడిపోయాం. ఆ అలవాటే నా చేతిలో పనిచేసింది. విరిగిన స్విచ్ తీసిపారేసి, దానికొచ్చే రెండు తీగలూ కలిపి మెలేసి టేపు చుట్టేశాను. మెషీన్ దృష్టిలో మూత ఇక ఎప్పుడూ వేసే ఉంటుంది. మెషీన్ బ్రహ్మాండంగా నడిచింది. కోడలు నన్ను "ఉస్తాద్" అంది. పెద్దావిడ రెండు సందేశ్ మిఠాయిలు పెట్టింది. ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు బంద్. ఎవరు పిలిచారో గుర్తులేదు. పిలవనివాళ్లు ఎవరు గనక? బస్సుల్లేవు, ట్రాముల్లేవు, కొట్లు లేవు. కొట్టు తలుపు సగం దించి అత్త లోపల ఏదో సర్దుకుంటోంది. ఇంట్లో ఊసుపోక నేనూ వెళ్లాను. టీ ఇచ్చింది. "నిన్నటి సాల్ట్ లేక్ మెషీన్ చెప్పీ" అంది.

చెప్పాను. నీళ్లు పట్టాను, ఉతికాను, తోడాను, మళ్లీ నీళ్లు పట్టాను, జాడించాను, తోడాను. "ఇప్పుడు పిండతన్నాను అత్తా. డ్రమ్ము జోరుగా తిరుగుతోంది."

"కరెంటు పోయింది."

"ఆగిపోతాను. చక్రం అక్కడే ఉంటాది."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

ఆ ప్రశ్న అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. "ముసలావిడ ఒక్కర్తే ఉంది. కళ్లు సరిగ్గా కానరావు."

"మెషీన్ ఆగింది గదా. అయిపోయిందనుకుని ఆవిడ మూత తీసింది. బట్టలు తీద్దామని చెయ్యి పెట్టింది. కరెంటు వచ్చీసింది. చెప్పు."

నేను స్టూలు మీంచి లేవబోయాను.

"చెప్పరా. మూత తీసుంది. ఏటి చేస్తావు?"

"తిరుగుతాను," అన్నాను.

అత్త టీ గ్లాసు కింద పెట్టింది. "స్విచ్ ఏటి చేసినావు అప్పన్నా?"

"కలిపీసినాను అత్తా."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆవిడ మూలనున్న మెషీన్ దగ్గరికి వెళ్లింది. అది ఆవిడ సొంత బట్టలు ఉతుక్కునేది, ఇంచుమించు అదే రకం. రెండు మరలు తిప్పి దాని మూత స్విచ్ ఊడదీసి జేబురుమాల్లో చుట్టింది. "ఆ ఇంట్లో ఫోనుందా?"

"లేదు."

"అయితే నడు."

"అత్తా, సాల్ట్ లేక్ అంటే ఎనిమిది మైళ్లు. నీ మోకాళ్లు... నాను పరిగెట్టి ఎల్లొస్తాను గదా."

"నువ్వు ఒక్కడివీ వెళ్తే స్విచ్ పెట్టి వచ్చీస్తావు. చెప్పాల్సింది చెప్పకుండా వచ్చీస్తావు. నడు."

రేస్‌కోర్సు పక్కనుంచి, మైదానం మీదుగా, ధర్మతలా దాటి నడిచాం. అంత పెద్ద రోడ్ల మీద కుర్రాళ్లు ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుతున్నారు. నాకు ప్రతి అడుగుకీ ఆ పెద్దావిడ చెయ్యి కళ్ల ముందు ఆడుతోంది. గాజులున్న చెయ్యా, లేని చెయ్యా? సందేశ్ పళ్లెం అందించిన చెయ్యి కుడిదా ఎడమదా? బంద్ పిలిచినవాళ్లనీ, సమర్థించినవాళ్లనీ, ఊరుకున్నవాళ్లనీ, వాళ్ల తాతముత్తాతలనీ పైకే తిడుతూ నడిచాను. అత్త ఎడమ మోకాలు చేత్తో నొక్కుకుంటూ నడిచింది.

మౌలాలీ కూడలిలో జెండాలు పట్టుకున్న నలుగురు అడ్డం వచ్చి, పిన్నిగారూ అన్నట్టు పిలిచారు. "మాషీమా, ఇవాళ బంద్. పని మీద వెళ్తున్నారా?"

"పని మీద కాదు దాదా. తప్పు మీద వెళ్తున్నాం," అంది అత్త చక్కటి బెంగాలీలో. "వీడు చేసిన తప్పు. తప్పు దిద్దుకోడానిక్కూడా బందేనా?"

వాళ్లు నవ్వారు. ఏం తప్పని అడిగారు. అత్త రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని, రుమాలు విప్పి స్విచ్ చూపించి, మూత, డ్రమ్ము, కరెంటు, శుక్లాల పెద్దావిడ, అంతా వివరంగా చెప్పింది. జెండాలు కిందికి దించి మరీ విన్నారు. చివరికి వాళ్లలో ఒకడు నా కేసి చూసి, "నువ్వు మనిషివేనా?" అన్నాడు. బంద్ చేసేవాడు నన్ను ఆ మాట అనడం! ఒళ్లు మండిపోయింది. వాళ్లే సందులోకి వెళ్లి సామాన్లు మోసే వ్యాన్ రిక్షా ఒకటి పిలుచుకొచ్చారు. జెండా ఒకటి దాని కొసకి కట్టి, "బేలేఘాటా కాలవ దాకా ఎవరూ ఆపరు, వెళ్లు మాషీమా" అన్నారు. అత్త బల్ల మీద కూర్చుంది. నేను వెనక తోసుకుంటూ పరిగెత్తాను.

క్వార్టర్ల దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మెట్లు రెండేసి ఎక్కాను. తలుపు కొట్టాను. చాలాసేపటికి గొళ్లెం చప్పుడైంది. పెద్దావిడ తలుపు తీసింది. గొళ్లెం మీద కుడి చెయ్యి. ఎడమ చెయ్యి చీర చెంగు కింద ఉంది.

"ఎవరూ? నువ్వేనా, నిన్నటి మిస్త్రీవి? ఏం బాగుచేశావయ్యా నువ్వు!" అంటూ చెంగు కిందనుంచి ఎడమ చెయ్యి తీసి గదిలోకి చూపించింది. ఆ చేతిలో ఒక పొడి తువ్వాలు. "పొద్దున్న ఏడింటికి పెట్టాను దీన్ని. రెండుసార్లు కరెంటు పోయింది, వచ్చింది. ఇరవైసార్లు మూత తీసి చెయ్యి పెట్టి చూశాను. బట్టలు ఇంకా తడవనేలేదు!"

మెషీన్ దగ్గరికి పరిగెత్తాను. ఎర్ర దీపం వెలుగుతోంది. మూత బార్లా తెరిచి ఉంది. లోపల బట్టలు ఎండినవి ఎండినట్టే ఉన్నాయి. గుండీ మొదటి గీత మీదే ఉంది, వెంట్రుకవాసి కదల్లేదు. ప్లగ్గు పీకేసి నేల మీద కూలబడ్డాను. ఆ క్వార్టర్ల పై ట్యాంకులు నింపే పంపు మనిషి బంద్ వల్ల రాలేదని పెద్దావిడే చెప్పింది; మెషీన్ ఆగింది అందుకేనని మాత్రం ఆవిడకి తట్టలేదు. నీళ్లు లేవు. నీళ్లు రాలేదు గనక గొట్టం చెప్పలేదు. గొట్టం చెప్పలేదు గనక గడియారం కదల్లేదు. అయిదు గంటలు ఆ టైమర్ మొదటి గీత మీదే కూర్చుంది. నీళ్లే వచ్చి ఉంటే ఆ ఇరవైసార్లలో ఏదో ఒకసారి... ఆ మాట ఇప్పుడు కూడా పూర్తిగా రాయలేను.

అత్త మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలి సంగతి ఒక్క చూపులో అర్థమైంది ఆవిడకి. గోడకి చెయ్యి ఆన్చి, కళ్లు మూసుకుని, పెదాలు కదిపింది. తర్వాత నాతో తెలుగులో, "ముందు చెప్పు. తర్వాత బిగించు" అంది.

చెప్పాను. నా వచ్చీరాని బెంగాలీలో, పెద్దావిడ మొహం చూడలేక మెషీన్ కేసి చూస్తూ చెప్పాను. నిన్న నేనేం తీసేశానో, దానివల్ల ఏం జరిగి ఉండేదో, ఏదీ దాచకుండా. పెద్దావిడ తన రెండు చేతులూ ఎత్తి కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. "అంటే పొద్దుట్నించీ నా చేతుల్ని ఆ పంపువాడు కాపాడాడా?" అంది. "రేపొస్తే వాణ్ణి కడిగేద్దామనుకున్నానే!" అని పకపకా నవ్వింది. అత్త కూడా నవ్వేసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పొద్దుట్నించీ బంద్‌ని నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ ఒక్క రోజుకే సుమా. మిగిలిన బంద్‌ల మీద నా అభిప్రాయం మారలేదు.

స్విచ్ బిగించి ప్లగ్గు పెట్టాను. బట్టలు తీసేసి, గుండీ తిప్పి పిండే గీత దగ్గర పెట్టింది అత్త. ఖాళీ డ్రమ్ము జోరందుకుంది. మూత ఎత్తింది. డ్రమ్ము గొణిగి ఆగింది. "చెయ్యి పెట్టు" అంది నాతో. పెట్టాను. మూత తెరిచే ఉంది. నా చెయ్యి మోచేతి దాకా లోపల ఉంది. ఆవిడ గోడ దగ్గర నిలబడి కరెంటు తీసింది, వేసింది. తీసింది, వేసింది. మూడోసారి కూడా. నా చేతి కింద డ్రమ్ము చల్లగా, కదలకుండా ఉంది. "చాలు, తియ్యి" అంది.

నన్ను పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు. ఆ విషయం మళ్లీ ఎత్తనూ లేదు. ఆవిడ సొంత మెషీన్‌కి కొత్త స్విచ్ వచ్చేదాకా వారం రోజులూ బట్టలు చేత్తో ఉతుక్కుంది. ఆ వారం నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

తర్వాత కొన్నేళ్లకి చక్రాల టైమర్లు పోయి బోర్డులు వచ్చాయి. పచ్చటి పలక, దాని మీద నల్ల పురుగుల్లాంటి ముక్కలు. చక్రం లేదు, మిట్ట లేదు, కంటికి కనిపించేది ఏదీ లేదు. నేర్చుకున్నదంతా చెత్తబుట్టలో పడిందని నేను బెంబేలెత్తిపోయాను. అత్త కళ్లజోడు సవరించుకుని ఆ పలక తిప్పి తిప్పి చూసింది. "ఏటిరా భయం? ఇది అడిగే ప్రశ్నలు మారినాయా? నీళ్లొచ్చినాయా అని అడుగుతాది. మూతేసుందా అని అడుగుతాది. పాతదానికి చక్రం మీద రాసుంటాది ఏ పని తర్వాత ఏ పనో, దీనికి ఈ నల్లముక్కలో రాసుంటాది. కూచో. నువ్వే బోర్డువి. చెప్పు" అంది. మళ్లీ స్టూలు! కూర్చుని చెప్పాను. చెబుతుంటే తెలిసింది, కథ పాతదే. తేడా అల్లా కరెంటు దగ్గరే. బోర్డుల్లో కొన్ని కరెంటు పోతే అంతా మరచిపోయి మొదటికొచ్చేవి, కొన్ని ఆగినచోటు గుర్తుపెట్టుకునేవి. "ఏ ఇంటికెళ్లినా ముందు అది ఏ రకమో కనుక్కో" అనేది. ఆ రోజు నా గుండెల మీంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. నలభై దాటాక మళ్లీ గేటుకి తాళం పడిందనుకున్నాను. పడలేదు.

జీవరత్నం అత్త పోయి చాలా ఏళ్లయింది. కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. అత్త పోయాక కూడా నేను చేతనైనన్నాళ్లు ఇళ్లకి వెళ్లి మెషీన్లు బాగుచేశాను. ఏ ఇంటికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: ఇంట్లో ఎవరెవరున్నారు? కొందరు ఆశ్చర్యపోయేవారు, కొందరు అనుమానంగా చూసేవారు. ఒకావిడ పోలీసులకి చెప్తానంది. నేను మెషీన్ విప్పేముందే అక్కడ చెయ్యి పెట్టబోయేవాళ్లెవరో తెలుసుకునేవాణ్ణి. బయటికి వచ్చేముందు నా చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. ఇన్నేళ్లలో ఏ ఇంటి నుంచీ ఆ కబురు రాలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఊపిరి పీల్చుకోవడానికి చెప్తున్నాను.

ఒక సంగతి మిగిలిపోయింది. ఆ రోజు సాల్ట్ లేక్‌లో పెద్దావిడ మాకు మరమరాలు పెట్టి, బిందెలో మిగిలిన నీళ్లతో టీ కాచి ఇచ్చింది. బయల్దేరుతూ నేను వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, ఏదో అంటూ కాసేపు అలాగే ఉంచింది. నేను లేవలేదు. మెట్లు దిగుతుంటే అత్త ముందు నడుస్తూ, వెనక్కి చూడకుండానే అడిగింది.

"అంతసేపేటిరా, ఆవిడ వేళ్లు లెక్కెట్టుకున్నావా?"

"అయిదూ ఉన్నాయి అత్తా," అన్నాను.

"అయితే నడు. పొద్దుగూకేలోగా ఇంటికి చేరాల," అంది. మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ, వీధిలోకి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.